సాయంకాలము ఆరు గంటల తెలుగు పాఠము

ఒక దినమంతయు దున్ని నాలుగు దినములు అరుగు మీద కూర్చుండువాని కంటె, దినమునకు నాలుగు చాళ్లైనను తప్పక దున్నువాని చేను ముందుగా విత్తుటకు సిద్ధమగును. ఇది మనకు తెలిసిన సంగతియే. చేతిపనికైనను, చదువుకైనను, దేవుని సేవకైనను ఇదే క్రమము. విలియం కేరీ భక్తుని జీవితము దీనికి మంచి సాక్ష్యము.

కేరీ 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండు దేశములో పాలర్స్‌పరీ అను పల్లెటూరిలో ఒక నేతగాని ఇంట జన్మించెను. పెద్ద చదువులకు స్తోమతు లేకపోయెను. పదునాలుగేండ్ల ప్రాయమున జోళ్లు కుట్టు పనిలో చేరెను. ఆ పని చేయుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను కొంచెము కొంచెముగా నేర్చుకొనెను. పిమ్మట సంఘకాపరియై, 1793లో కుటుంబముతో బెంగాలునకు వచ్చెను. 1800లో కలకత్తాకు ఎగువను, హుగ్లీ నది ఒడ్డున, అప్పుడు డేనిష్ వారి ఏలుబడిలోనున్న శ్రీరాంపూరులో స్థిరపడెను. అచ్చట మార్ష్‌మన్, వార్డు అను సహోదరులతో కలిసి ముద్రణాలయము నడిపెను. 1801 నుండి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో భాషలు బోధించెను.

1806 జూన్ నెలలో, తన దినములలో ఒకటి ఎట్లు గడచెనో ఆయన ఒక ఉత్తరములో వ్రాసెను. ఉదయము ఆరు గంటలు కాకమునుపే లేచి, హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు గంటల వరకు ప్రార్థనలో గడపెను. తరువాత పనివారితో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. ఫలహారమునకు ముందు పారసీ భాష, ఫలహారమైన పిమ్మట సంస్కృతము, పది గంటలకు కళాశాల. మధ్యాహ్నము ఇంటికి వచ్చి అచ్చు ప్రతులు దిద్దుట. భోజనానంతరము పండితునితో కూర్చుండి మత్తయి సువార్తను సంస్కృతములోనికి తర్జుమా చేయుట. ఆరు గంటలకు ఒక తెలుగు పండితునియొద్ద మన భాష నేర్చుకొనుట. ఏడున్నరకు ఇంగ్లీషులో ప్రసంగము. ఆ మీదట రాత్రి పదకొండు గంటల వరకు యెహెజ్కేలు గ్రంథమును బెంగాలీలోనికి మార్చుట. కడపట గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము చదువుట.

ఇదంతయు మనవల్ల అగునా అని మనము బెదరిపోవుదుము. అయితే ఒక్క సంగతి చూడుడి. ఆ దినమున మన తెలుగునకు దొరికినది ఇంచుమించు ఒక్క గంట మాత్రమే. తీరిక దినము వచ్చినప్పుడు నేర్చుకొందునని ఆయన అనుకొనలేదు. ప్రతి పనికి ఒక వేళ, ప్రతి వేళకు ఒక పని ఉండెను.

ఆయన ఇల్లు నెమ్మది గల ఇల్లనియు తలంచరాదు. 1794లో చిన్నవాడైన కుమారుడు పీటరు మరణించెను. ఆ దుఃఖముతో భార్య డొరొతీ అమ్మగారి మనస్సు చెదరి, 1807లో ఆమె కన్నుమూయువరకు తిరిగి కుదుటపడలేదు. ఆ పరదేశములో ఆమె పడిన వేదనను మనము తక్కువగా ఎంచకూడదు. అట్టి ఇంటిలోనే ఈ పని సాగెను.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియాయెను. కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ వెళ్లి ఆ వార్త చెప్పెను. అనేక భాషల లేఖన తర్జుమాలు, ఏండ్ల తరబడి కూర్చిన నిఘంటువు, వ్రాసిన తెలుగు వ్యాకరణము అంతయు బూడిదయ్యెను. యంత్రములు మాత్రము మిగిలెను. అక్షరముల అచ్చుదిమ్మెలు బూడిదలో దొరికెను.

కేరీ దుఃఖించెను, దేవుని చిత్తమునకు తలవంచెను, మరల తన బల్ల యొద్దకు పోయెను. నడచిన దారిని రెండవసారి నడచుట సులభమని ఆయన నమ్మెను. సహోదరులు అక్షరములను తిరిగి పోతపోసిరి, పండితులు తోడ్పడిరి. రెండేండ్లకే, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో శ్రీరాంపూరు నుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. అగ్ని కాగితములను కాల్చెను గాని, దినదినము నేర్చినదానిని కాల్చలేకపోయెను. కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూరులోనే ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, మనకు కేరీ దినమంతయు అక్కరలేదు. ఆయన తెలుగు గంట చాలును. కోతల కాలమైనను, పెండ్లిండ్ల కాలమైనను తప్పని ఒక్క వేళను మనము ఏర్పరచుకొందము. దీపము పెట్టిన తరువాత ఒక అధ్యాయము చదువవచ్చును. చదువురాని తల్లికి అక్షరములు నేర్పవచ్చును. సంఘపు లెక్కలు ఆ దినమునకు ఆ దినమే వ్రాయవచ్చును. ఒక దినము తప్పినచో మరునాడు విచారముతో విడిచిపెట్టక మరల కూర్చుందము. కొలస్సయులకు 3:23, గలతీయులకు 6:9 ఈ వారము ఇంటివారితో చదివి ధ్యానించుడి. ఏ పనియైనను ప్రభువు కొరకు చేయుచు, విసుగక నిలుచు కృపను ఆయన మనకందరికి దయచేయును గాక. ఆమేన్.