షేర్ల సలహాదారు అంబేడ్కర్: ఒక చిన్న వ్యాపారం ఎందుకు మూతపడింది?

అంబేడ్కర్ అనగానే రాజ్యాంగం, మహాడ్ చెరువు, నాగపూర్ దీక్షాభూమి గుర్తుకొస్తాయి. బొంబాయిలో చిన్న వ్యాపారం పెట్టి, గిరాకీ నిలవక మూసేసిన అంబేడ్కర్ మనకు అంతగా తెలియరు. దళిత వ్యాపారుల గురించి మాట్లాడేటప్పుడు మొదట తెలుసుకోవాల్సింది ఆయన గురించే.

1917లో బాబాసాహెబ్ లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. స్కాలర్‌షిప్ ఇచ్చిన బరోడా సంస్థానంలో ఒప్పందం ప్రకారం ఉద్యోగంలో చేరారు. ఆఫీసులో అంటరానితనం. దిగిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చిన గుంపు వెళ్లగొట్టింది. ఊళ్లో తలదాచుకునే చోటు దొరక్క, ఆ ఏడాదే బొంబాయి చేరుకున్నారు.

ఇల్లు గడవాలి. మిత్రుడు నావల్ భతేనా సాయంతో ట్యూషన్లు చెప్పారు. ఆ తర్వాత షేర్లు, స్టాకుల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషికి ఆ పనిలో లోటేముంటుంది? ఖాతాదారులు వచ్చారు. సలహాదారు అంటరాని కులస్తుడని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది.

సలహా వ్యాపారంలో అమ్మే సరుకు నమ్మకమే. మన బజారులో ఆ నమ్మకం కులాన్ని బట్టి పుడుతుంది. వ్యాపార కులాల్లో పుట్టినవాడికి ఒక నష్టం వస్తే బంధువుల్లో అప్పు పుడుతుంది, మళ్లీ కొట్టు తెరుస్తాడు. మహార్ సైనికుడి కొడుక్కి ఆ వెసులుబాటు లేదు.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. అక్కడా తోటి అధ్యాపకులు మంచినీళ్ల కుండ దగ్గర అభ్యంతరం చెప్పారు. అయినా జీతం వచ్చింది. అందులోంచే లండన్ చదువుకు కూడబెట్టుకున్నారు.

పత్రిక నడపడం కూడా చిన్న వ్యాపారమే. కొల్హాపూర్ షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదలైంది. డబ్బిస్తామన్నా ‘కేసరి’ దాని ప్రకటన వేసుకోలేదు. అంటే పెట్టుబడి దొరికినా, సరుకు ఉందని చెప్పుకునే దారి మూసేశారు. 1923 నాటికి పత్రిక ఆగిపోయింది. రూపాయి సమస్య మీద ఆయన గ్రంథం లండన్‌లో అచ్చయింది కూడా అదే ఏడాది.

1927 ఏప్రిల్ 3న ‘బహిష్కృత్ భారత్’ తెచ్చారు. మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేక ఎక్కువ భాగం తానే రాశారు. డబ్బుల్లేక 1929 నవంబరులో అదీ నిలిచిపోయింది. మరుసటి ఏడాదే ‘జనతా’ మొదలైంది. ఈసారి వెనుక ఉద్యమం ఉంది. 1956లో ‘ప్రబుద్ధ భారత్’గా పేరు మారే దాకా అది బతికింది.

2016లో స్టాండప్ ఇండియా వచ్చింది. దళితులకు, ఆదివాసీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా బ్యాంకు రుణం ఇవ్వడానికి పెట్టిన పథకం అది. పెట్టుబడి కష్టానికి అదొక జవాబు. కానీ టిఫిన్ సెంటర్ బోర్డు మీద సొంత ఇంటిపేరు రాయడానికి వెనకాడే మనిషికి గిరాకీ ఎక్కణ్నుంచి వస్తుంది? బాబాసాహెబ్ ఖాతాదారులు ఎందుకు వెళ్లిపోయారో తెలిసిన మనం, రుణాల లెక్కతో పాటు ఆ కొట్లు ఎన్నేళ్లు నిలిచాయన్న లెక్క కూడా అడగాలి. వాటిలో కొనడం కూడా మన పనే.