ఆటబొమ్మల మాస్టారు

పిల్లాడు నట్టింట్లో చెక్కముక్కలు పరుచుకుని ఇల్లు కడుతుంటే, చాల్లే ఆటలు, పుస్తకం తియ్యమని కసిరే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. ఆ చెక్కముక్కల్లోనే చదువుందని చెప్పినందుకు ఓ పెద్దాయన ముసలితనంలో ఎంత నింద మోశాడో తెలిశాక నా నోరు కాస్త తగ్గింది. కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ఆయన.

1782 ఏప్రిల్ 21న జర్మనీలో ఓ పల్లెటూరి పాస్టరు ఇంట పుట్టాడు. తొమ్మిది నెలలకే తల్లి పోయింది. తండ్రికి చర్చి పనులతోనే సరి. సవతితల్లి మొదట్లో దగ్గరకు తీసినా, తనకో కొడుకు పుట్టాక దూరం పెట్టేసింది. తోటలో చెట్టూచేమా చూసుకుంటూ పెరిగాడా పసివాడు.

1805లో ఇళ్లు కట్టే విద్య చదువుదామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళితే, అక్కడ బళ్లో పంతులు ఉద్యోగం దొరికింది. పిల్లల ముందు నిలబడ్డాక తన పని ఇదేనని తెలిసిపోయింది. స్విట్జర్లాండులో పెస్టలోజీ అనే మహా ఉపాధ్యాయుడి దగ్గర రెండేళ్లున్నాడు. తర్వాత బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాలు సర్దే కొలువు. ఆ ఆకారాలు ఆయన మనసులో ఉండిపోయాయి.

1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నారుల కోసం ఓ సంస్థ పెట్టి, 1840లో దానికి పిల్లల తోట అని అర్థం వచ్చే కిండర్‌గార్టెన్ పేరు ఖాయం చేశాడు. ఆయన చేయించిన ఆటవస్తువులకు కానుకలని పేరు. మొదటి కానుక ఆరు రంగుల ఉన్ని బంతులు. రెండోది చెక్క బంతి, పాచికలాంటి ఘనం, గుండ్రటి దుంగముక్క. బంతి దొర్లుతుంది, ఘనం నిలబడుతుంది, దుంగ రెండూ చేస్తుంది. ఎందుకలా అన్నది పిల్లలే కనిపెట్టాలి. మూడోది విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలయ్యే పెద్ద ఘనం. కుర్చీ, మెట్లు, వంతెన ఏదైనా కట్టుకోవచ్చు. వీటికి తోడు కాగితం మడవడం, రంగు పట్టీలతో చాప అల్లడం, మట్టి పిసకడం, నానిన బఠాణీలకు పుల్లలు గుచ్చి బొమ్మరిళ్లు చేయడం.

ఈ పనికి ఆయన ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చాడు. ఆడవాళ్లు పంతుళ్లేమిటని నవ్వినవాళ్లున్నా వెనక్కి తగ్గలేదు.

1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నాడని అభియోగం. అన్నకొడుకు కార్ల్ రాసిన పుస్తకాన్ని ఈయనకు అంటగట్టారు. ఆ రాతలు నావి కావని మొరపెట్టుకున్నా వినలేదు. 1852 జూన్ 21న డెబ్బయ్యో ఏట కన్నుమూశాడు. నిషేధం ఎత్తేసింది 1860లో.

ఆయన తోటను బతికించింది ఆడవాళ్లే. ఆయన ఉపన్యాసాలు విన్న మార్గరెతె షుర్ట్స్ 1856లో అమెరికాలో తన ఇంట్లోనే కిండర్‌గార్టెన్ మొదలుపెట్టింది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ కానుకలు చూసిన ఓ తల్లి కొడుకు కోసం కొన్నది. ఆ పిల్లాడే పెద్దయ్యాక ప్రపంచం మెచ్చిన భవనశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్.

మన ఎల్‌కేజీ, యూకేజీల్లోని కేజీ ఫ్రోబెల్ పెట్టిన పేరే. పేరు మిగిలింది, చాలాచోట్ల చేతిపని పోయి హోంవర్కు వచ్చింది. బడిని మార్చడం మన చేతుల్లో లేకపోవచ్చు. కూరకు బఠాణీలు నానబెట్టిన రోజున నాలుగు గింజలు, నాలుగు చీపురుపుల్లలు పిల్లాడి చేతికివ్వడం మాత్రం మన చేతుల్లోనే ఉందిగా!