చింతామణి రఘునాథాచారి

చెన్నపట్టణమునందలి నుంగంబాకములో ఈస్టిండియా కంపెనీవారు 1792లో ఒక వేధశాలను నెలకొల్పిరి. పంచాంగ గణితమెరిగిన కుటుంబమున జన్మించిన చింతామణి రఘునాథాచారి చిన్నవయసుననే అందు కొలువున చేరి, క్రమముగా ప్రథమ సహాయకుడయ్యెను. ఊరెల్ల నిద్రించువేళ మేల్కొని, ఒక్కొక్క నక్షత్రము యామ్యోత్తర రేఖను దాటు క్షణమును గుర్తించి వ్రాసికొనుట ఆతని పని. ఒకటి రెండు రాత్రులు కాదు, ఏండ్ల తరబడి! ఎంతటివానికైనను విసుగు పుట్టించు కార్యమే. కాని ఆ యోర్పు 1867లో ఫలించెను. దక్షిణాకాశమున ఒక నక్షత్రపు కాంతి హెచ్చుచు, మరల క్షీణించుచు నున్నదని అతడు కనిపెట్టెను. దానికి ‘ఆర్ రెటిక్యులి’ యని పేరు.

మరుసటి యేట, 1868 ఆగస్టు 18వ తేదీన, సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ బిజాపురము, పాలమూరు సీమ, గుంటూరు, బందరులమీదుగా సాగునని గణితజ్ఞులు ముందే నిర్ణయించిరి. సూర్యుడు ఐదు నిమిషములకు మించి పూర్తిగా మరుగుపడును. అట్టి దీర్ఘగ్రహణము అరుదు. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ గుంటూరు చేరెను. చెన్నపట్టణపు వేధశాలాధికారి పాగ్సన్ బందరునకు పోయెను. నైజాము రాజ్యములోని వనపర్తి సంస్థానమున పరిశీలనాభారము రఘునాథాచారిపై బడెను. ఆనాటికి ఆ సీమకు రైలు లేదు. సున్నితమైన యంత్రములను రాతినేలల దారులవెంట చెక్కుచెదరకుండ చేర్పవలెను. అన్నియు సిద్ధమయ్యెను. కాని అది శ్రావణ అమావాస్య, వానకాలము. మబ్బులు కమ్మి పరిశీలనకు అడ్డుపడెను. గుంటూరున మాత్రము జాన్సెన్ సూర్యుని అంచున లేచు జ్వాలలు వాయుమయములని నిరూపించి కీర్తి గడించెను. అదృష్టమును మేఘములు పంచిపెట్టిన దినమది!

రఘునాథాచారి నిరాశ చెందలేదు. 1871లో మరియొక సంపూర్ణ గ్రహణమును పరిశీలించెను. 1872లో లండనునందలి రాజకీయ జ్యోతిశ్శాస్త్ర సంఘమువారు ఆతనిని సభ్యునిగా నెన్నుకొనిరి.

ఇంటిపోరు వేరుగా నుండెను. పూర్వగణితమున కాలక్రమమున చేరిన దోషములవలన పంచాంగములు చెప్పు వేళకును, ఆకాశమున కనబడు వేళకును పొంతన కుదరకుండెను. కంటికి కనబడుదానితో గణితమును సరిచూడవలెనని అతడు దృగ్గణిత పంచాంగమును వెలువరించెను. ఆచారమును చెరుపుచున్నాడని తలచినవారును లేకపోలేదు. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటనుండగా, సామాన్యులకు దానిని బోధించుటకై, సిద్ధాంతికిని పండితునికిని నడచిన సంవాదముగా ఒక పుస్తకమును రచించి, పలు దేశభాషలలో ప్రకటించెను.

1880 ఫిబ్రవరి 5వ తేదీన అతడు మరణించెను. తరువాత నూరేండ్లకు, 1980 ఫిబ్రవరి 16వ తేదీన, సంపూర్ణ గ్రహణచ్ఛాయ మరల పాలమూరు, నల్లగొండ సీమలమీదుగా సాగెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జాపాల్-రంగాపురం వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రములతో వేచియుండిరి. అది మాఘమాసము, ఆకాశము నిర్మలముగా నుండెను.