ఆవలి ఒడ్డున ఆ ఇల్లాలు

మా ఇబ్రహీంపట్నంలో ఎవర్నడిగినా చెబుతారు, ఈ ఊరి పేరు కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం వల్ల వచ్చిందని. కానీ డాన్సు క్లాసు నుంచి వచ్చిన మా అమ్మాయి ఓరోజు, కూచిపూడికి ఆ పేరెలా వచ్చిందని అడిగేసరికి తెల్లమొహం వేశాను. మర్నాడు లైబ్రరీకెళ్లి పుస్తకాలు తిరగేశాను.

కూచిపూడి కృష్ణాజిల్లా మొవ్వ దగ్గరున్న ఊరు. కుశీలవులంటే ఆడిపాడే నటులు. వాళ్లుండే కుశీలవపురమే కూచిపూడి అయిందని కొందరంటారు. కుచేలపురం అన్నది మరో మాట. అన్నట్టు, 1920లలో అమెరికాను ఊపేసిన చార్ల్‌స్టన్ డాన్సుదీ ఊరి పేరే!

మన ఊరి పేరు నాట్యానికి నిలిచిందంటే అది సిద్ధేంద్రయోగి చలవ. 17వ శతాబ్దం వాడంటారు. తల్లిదండ్రులు లేని పిల్లాడు. చిన్నప్పుడే పెళ్లయింది. పెద్దయ్యాక భార్యకోసం అత్తారింటికి బయల్దేరితే, కృష్ణ దాటుతుండగా వరద ముంచుకొచ్చిందట. బతికితే సన్యసిస్తానని మొక్కుకున్నాడు. బతికాడు, సంసారం వదిలేశాడు. కృష్ణభక్తిలో మునిగి భామాకలాపం రాశాడు. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకు నేర్పి, ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడట. గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా వాళ్ల ఆట చూసి ముచ్చటపడి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు.

అంతా బాగానే ఉంది. నా మనసు మాత్రం ఏటి ఆవలి ఒడ్డునే ఆగిపోయింది. మగడొస్తాడని ఎదురుచూసిన ఆ ఇల్లాలు ఏమైంది? నేను చూసిన పుస్తకాల్లో ఆమె పేరైనా లేదు. భామాకలాపం నిండా ఉన్నదేమో మగడికోసం అలమటించే సత్యభామ! ఆ పిల్ల దుఃఖమే అతని కలంలోకి దిగిందేమో అనిపిస్తుంది నాకు. సత్యభామకి చివర్లో కృష్ణుడు దక్కాడు. ఈమెకు ఆ పాటి అదృష్టమూ లేకపోయింది.

ఆ తర్వాత తరతరాలుగా ఆ బాధను మగవాళ్లే వేషం కట్టి ఆడారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మగారే గుర్తొచ్చేవారు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటి గురువులు ఆడపిల్లలకూ నేర్పారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టాక ఆడపిల్లల గజ్జెలు ఊరూరా మోగాయి.

మొన్న మా అమ్మాయికి జడ అల్లుతూ ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తను భామ వేషం వేసిన రోజున ముందుగా ఆవిడకే దణ్ణం పెట్టుకుంటానంది.