ఎన్‌కోసి జాన్సన్: పన్నెండేళ్ళ జీవితం

ఈ వార్షికోత్సవ సంచికకు ఎవరి జీవితం రాయాలా అని మేము నలుగురం పాత విద్యార్థులం కూర్చుని ఆలోచించాం. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, ఫూలే దంపతుల గురించి మీరు ఏటా చదువుతూనే ఉన్నారు, ఇకముందూ చదువుతారు. ఈసారి మీ ఈడువాడి జీవితం రాద్దామని అనుకున్నాం. అతను పన్నెండేళ్ళకే చనిపోయాడు. మన హాస్టల్లో ఉంటే ఆరో తరగతో ఏడో తరగతో చదువుతూ ఉండేవాడు. అయినా అతను పోయిననాడు ప్రపంచంలోని పత్రికలన్నీ ఆ వార్త రాశాయి. పేరు ఎన్‌కోసి జాన్సన్. దేశం దక్షిణాఫ్రికా.

1989 ఫిబ్రవరి 4న జొహానెస్‌బర్గ్ నగరానికి తూర్పున ఉన్న డేవీటన్‌లో అతను పుట్టాడు. డేవీటన్ అంటే మన లెక్కలో ఊరికి ఎడంగా ఉండే పల్లె. నల్లవాళ్ళు నగరంలో చాకిరీ చేయవచ్చు గానీ అక్కడ కాపురం ఉండకూడదని తెల్ల ప్రభుత్వం విడిగా కట్టించిన కాలనీ అది. మండేలా గారు ఇంకా జైల్లోనే ఉన్నారు. పిల్లవాడి అసలు పేరు ఖోలాని ఎన్‌కోసి. ఖోలాని అని మేము రాశాం గానీ జులూ భాషలో ఆ మొదటి అక్షరం మన లిపికి అందదు. బండివాడు ఎద్దుల్ని అదిలించేటప్పుడు నాలుక పక్కన టక్కుమనిపిస్తాడే, అలాంటి శబ్దం. ఎన్‌కోసి ఇంటిపేరు. తర్వాత లోకమంతా ఆ ఇంటిపేరుతోనే పిలిచింది.

తల్లి డాఫ్నే నిరుపేద, ఒంటరిది. ఆమెకు హెచ్.ఐ.వి. ఉంది. ఆమె నుంచి కడుపులోని బిడ్డకు వచ్చింది. ఈ సంగతి చుట్టుపక్కల తెలిస్తే ఇద్దర్నీ తరిమేస్తారని ఆమె భయపడింది. ఆ భయంతోనే నగరంలోని ఒక సేవాకేంద్రానికి చేరింది. అక్కడ సేవ చేసే గెయిల్ జాన్సన్ అనే తెల్లజాతి మహిళ పిల్లవాణ్ణి చూసింది. కొంతకాలానికి డబ్బులేక ఆ కేంద్రం మూతపడింది. డాఫ్నే ఒప్పుకోలుతో గెయిల్ పిల్లవాణ్ణి తన ఇంటికి తీసుకెళ్ళింది. అలా అతను ఎన్‌కోసి జాన్సన్ అయ్యాడు. కన్నతల్లితో రాకపోకలు తెగిపోలేదు. కానీ 1997లో ఆమె ఎయిడ్స్‌తో చనిపోయింది.

అదే ఏడు అతనికి ఎనిమిదేళ్ళు నిండాయి. మెల్‌విల్ అనే పేటలో మెల్‌పార్క్ ప్రైమరీ స్కూల్లో చేర్చడానికి గెయిల్ దరఖాస్తు నింపింది. పిల్లవాడికి జబ్బులేమైనా ఉన్నాయా అన్న గడి ఒకటి ఉంది. ఆమె దాచకుండా హెచ్.ఐ.వి. అని రాసింది. దాంతో గొడవ మొదలైంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు మీటింగు పెట్టుకున్నారు. సగం మంది చేర్చుకోమన్నారు, సగం మంది వద్దన్నారు. పక్కన కూర్చుంటే అంటుకుంటుందని కొందరు, ఆటల్లో దెబ్బ తగిలి రక్తం కారితే ఎలా అని కొందరు. సంగతి పత్రికలకెక్కింది, దేశమంతా చర్చ జరిగింది. చివరికి స్కూలు తలుపు తెరిచింది. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు జబ్బు గురించి తరగతులు పెట్టారు. 1999లో, హెచ్.ఐ.వి. ఉందన్న కారణంతో ఏ స్కూలూ ఏ పిల్లవాణ్ణీ తోసిపుచ్చకూడదని ఆ దేశ ప్రభుత్వం జాతీయ విధానమే ప్రకటించింది.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. 2000ల మొదట్లో రాష్ట్రమంతా గోడల మీద పులిరాజా పోస్టర్లు ఉన్న రోజులవి. మాలో కొందరం చదివిన ఒక హాస్టల్లో, ఎక్కడన్నది అనవసరం, ఒక కుర్రాడు చేరాడు. వాళ్ళ నాన్న ఆ జబ్బుతోనే పోయాడని ఎవరో అన్నారు. ఆ రాత్రికి రాత్రి మేము మా ట్రంకు పెట్టెల్ని అతని పెట్టె పక్కనుంచి జరుపుకున్నాం. మర్నాటి నుంచి అతని పళ్ళెం, గ్లాసు వేరుగా ఒక మూల బోర్లించేవాళ్ళం. ఎవరూ చెప్పలేదు, మాకు మేమే చేశాం. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మా తాతలు చెప్పగా విన్నవాళ్ళం. మేము కూడా అదే చేస్తున్నామని అప్పుడు మాకు తట్టలేదు.

మళ్ళీ ఎన్‌కోసి దగ్గరకు వద్దాం. తల్లి పోయాక అతనికి ఒక కోరిక పట్టుకుంది. తనలాగా తల్లీబిడ్డలు విడిపోకూడదు, హెచ్.ఐ.వి. ఉన్న తల్లులు పిల్లలతో కలిసి ఉండే ఇల్లు కావాలి. 1999లో గెయిల్ జొహానెస్‌బర్గ్‌లో అలాంటి ఇల్లు తెరిచింది. దానికి ఎన్‌కోసి పేరే పెట్టారు.

ఇప్పుడు కొంచెం సైన్సు. తల్లి నుంచి బిడ్డకు ఈ వైరస్ మూడు చోట్ల దాటవచ్చు: గర్భంలో, కాన్పు సమయంలో, చనుబాలలో. ఏ మందూ వాడకపోతే, హెచ్.ఐ.వి. ఉన్న తల్లులు నూరు మందికి పదిహేను నుంచి నలభై అయిదు మంది పిల్లలకు సోకుతుంది. అంటే ఏమీ చేయకపోయినా సగానికి పైగా పిల్లలు తప్పించుకుంటారు. ఈ మాట మా చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఎన్‌కోసి పుట్టిన 1989లో ఆ మిగతా పిల్లల్ని కాపాడే మందేమిటో వైద్యులకూ తెలియదు. 1994లో తెలిసింది. గర్భిణికి, పుట్టిన బిడ్డకు ఎ.జడ్.టి. అనే మందు ఇస్తే, సోకే పిల్లలు నూటికి 25.5 నుంచి 8.3కు తగ్గారని అమెరికా, ఫ్రాన్స్ దేశాల్లో జరిగిన పరీక్షలో తేలింది. కానీ అది వారాల తరబడి వాడాలి, ఖరీదెక్కువ. 1999లో ఉగాండా నుంచి ఇంకో కబురు వచ్చింది. నెవిరాపిన్ అనే మాత్ర పురిటినొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక్కటి, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు అదే మందు సిరప్ కొంచెం ఇస్తే చాలు, సోకడం దాదాపు సగం తగ్గుతుంది. ఒక్క మాత్ర, కాసిన్ని చుక్కలు!

దక్షిణాఫ్రికాకు ఈ కబురు ఎంత అవసరమో చూడండి. ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల్లో 1990లో నూటికి ఒకరికి కూడా లేని హెచ్.ఐ.వి., 2000 నాటికి నూటికి 24.5 మందికి ఉంది. ఏడాదికి సుమారు 70,000 మంది పిల్లలకు తల్లుల నుంచి సోకుతోందని అంచనా. అయినా మందు ఇవ్వలేదు. అధ్యక్షుడు తాబో ఎంబెకి గారికి, ఎయిడ్స్‌కు కారణం అసలు ఈ వైరసేనా అన్న సందేహం పట్టుకుంది. తెల్లవాళ్ళ పాలన మీద జీవితమంతా పోరాడిన మనిషి. పేదరికమే అసలు జబ్బు అన్న ఆయన వాదంలో కొంత నిజం లేకపోలేదు. కానీ మందును అనుమానించడం వల్ల నష్టపోయింది ఆ పేదలే.

2000 జులై 9న డర్బన్‌లో 13వ అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ మొదలైంది. ప్రారంభ సభ కింగ్స్‌మీడ్ క్రికెట్ స్టేడియంలో. 2007లో యువరాజ్ ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టిన మైదానం అదే, మీలో క్రికెట్ పిచ్చివాళ్ళకు తెలిసే ఉంటుంది. వేలమంది వైద్యులు, శాస్త్రవేత్తలు, మంత్రులు కూర్చున్నారు. వదులు సూటులో పదకొండేళ్ళ ఎన్‌కోసి వేదికెక్కాడు. వయసు పదకొండే గానీ చూస్తే ఆరేడేళ్ళవాడిలా ఉన్నాడు. మైకు పట్టుకుని తన కథ తానే చెప్పాడు. తల్లి ఎలా భయపడిందో, స్కూలు ఎలా కాదన్నదో చెప్పాడు. ఎ.జడ్.టి. గర్భిణులకు ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాడు. మేమూ మీలాంటి మనుషులమే, మమ్మల్ని చూసి భయపడవద్దని వేడుకున్నాడు. సభలో చాలామంది కంటతడి పెట్టారు. అధ్యక్షుడు ఆ ప్రసంగం పూర్తికాకముందే లేచి వెళ్ళిపోయారని పత్రికలు రాశాయి.

అతను అడిగింది తన కోసం కాదు. అతను అడిగింది పుట్టబోయేవాళ్ళ కోసం.

ఆ డిసెంబరు ఆఖర్లో అతను కుప్పకూలాడు. మెదడు దెబ్బతింది. అప్పటినుంచి మంచంలోనే, తెలివి వచ్చీ రానట్టు. అయిదు నెలలు అలా గడిచాయి. 2001 జూన్ 1న నిద్రలోనే వెళ్ళిపోయాడు. చాలా దేశాల్లో ఆ రోజు బాలల దినం. చివరికి బరువు బాగా తగ్గిపోయింది. అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. పుట్టుకతో ఈ వైరస్ వచ్చిన పిల్లల్లో ఆ దేశంలో అప్పటికి అంతకాలం బతికినవాడు మరొకడు లేడని అన్నారు.

అతను అడిగింది మాత్రం ఆగలేదు. మందు కోసం ఉద్యమిస్తున్న ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే సంస్థ ప్రభుత్వం మీద కేసు వేసింది. నెవిరాపిన్‌ను రాష్ట్రానికి రెండేసి ప్రయోగ కేంద్రాల్లోనే ఇస్తామన్నది ప్రభుత్వం. మిగతా చోట్ల ఆసుపత్రికి వచ్చిన తల్లి ఏం కావాలి? 2002 జులై 5న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది: వైద్యం పొందడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఆ కట్టడి తీసేసి అవసరమైన ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో అందేలా చూడాలి. రాజ్యాంగం మీద గురి ఉన్న మనలాంటివాళ్ళకు ఈ తీర్పు ప్రత్యేకంగా నచ్చుతుంది. తర్వాత ఒక్క మాత్ర పోయి మెరుగైన మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. 2010లో ఆ దేశమంతా టీకాలకు వచ్చిన నాలుగు నుంచి ఎనిమిది వారాల పసివాళ్ళకు పరీక్షలు చేస్తే, హెచ్.ఐ.వి. ఉన్న తల్లుల పిల్లల్లో నూటికి 3.5 మందికే సోకింది. మరుసటేడు 2.7. చనుబాల కాలం కలిపితే లెక్క కొంత పెరుగుతుంది, నిజమే. అయినా ఎక్కడ నుంచి ఎక్కడికి! ఆఫ్రికా తల్లులు మింగిన ఈ మందుల్లో చాలా భాగం హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి వెళ్ళినవేనని చెప్పుకోవడానికి మాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

మన దగ్గర? ఆ రోజుల్లో దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జిల్లాల్లో మన గుంటూరు పేరు ముందు వినపడేది. 2004-05లో ఇదే జిల్లాలో ఇంటింటికీ తిరిగి వేలమందికి రక్తపరీక్షలు చేస్తే, పెద్దవాళ్ళలో నూటికి 1.72 మందికి ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా అనుకున్న లెక్క కంటే అది చాలా తక్కువ. అయినా చిన్న సంఖ్య కాదు. మన దేశంలో గర్భిణులకు మందు ఇవ్వడం 2000లో కొన్ని ఆసుపత్రుల్లో ప్రయోగంగా మొదలై, నెవిరాపిన్ మాత్రతో విస్తరించింది. 2014 జనవరి 1 నుంచి హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం వాడే మందులు ఉచితం చేశారు. పక్కనున్న శ్రీలంక 2019లో, తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని అరికట్టిన దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. మనం ఇంకా ఆ గట్టు చేరాల్సి ఉంది. పుట్టింటికి వెళ్ళి పురుడు పోసుకునేవాళ్ళు, వలసపోయినవాళ్ళు, పరీక్షకు రానివాళ్ళు లెక్కలోంచి జారిపోతుంటారు. మీ అక్కలకు, వదినలకు నెల తప్పగానే హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించమని చెప్పండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. స్కూళ్ళ సంగతికి 2017లో పార్లమెంటు చట్టం చేసింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్.ఐ.వి. ఉందని ఎవరికీ చదువుకునే చోటు నిరాకరించకూడదు.

2005లో అంతర్జాతీయ బాలల శాంతి బహుమతి అనేది కొత్తగా పెట్టి, మొదటిది ఎన్‌కోసికి ఇచ్చారు. అప్పటికి అతను పోయి నాలుగేళ్ళు. ఏటా గెలిచినవాళ్ళకు ఇచ్చే ఆ చిన్న విగ్రహం పేరు కూడా ఎన్‌కోసి.

మా హాస్టల్ కుర్రాడి సంగతి చెప్పకుండా వదిలేశాం. అతను సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. నెల తర్వాత వాళ్ళ మేనమామ వచ్చి పెట్టె అడిగాడు. మాలో ఒకడు దాన్ని మోసుకెళ్ళి బస్సు మీదికి ఎక్కించాడు. అతనికి అసలు ఆ జబ్బు ఉందో లేదో మేము ఎవరినీ అడగలేదు. ఆ మేనమామను కూడా.