ఒకటే ప్లేటు.. అన్ని రంగులు!

బేగంబజార్‌లో లెక్క సింపుల్. డజన్లలో కొంటే రేటు తగ్గుతది. ఆర్ట్ ప్రింట్ల మార్కెట్‌లో లెక్క రివర్స్: కాపీలు ఎంత తక్కువైతే ఒక్కోదానికి మామూలుగా అంత విలువ. అందుకే ప్రింట్ కింద పెన్సిల్‌తో నంబర్ వేస్తారు. 12/50 అంటే యాభైలో పన్నెండోది. ఈ 'లిమిటెడ్ ఎడిషన్' ప్రపంచంలో మనోడి పేరు పెద్దదే.. కృష్ణారెడ్డి.

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రలేఖనం, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత పారిస్‌లో హేటర్ నడిపే అటెలియే 17 వర్క్‌షాప్‌లో చేరారు.

అక్కడో చిక్కుంది. కలర్ ప్రింట్ కావాలంటే సాధారణంగా రంగుకో ప్లేటు. స్క్రీన్‌ప్రింట్‌లోనైతే రంగుకో స్క్రీన్. అలైన్‌మెంట్ కాస్త జరిగినా బొమ్మ పాడే. రెడ్డి, కైకో మోటీ, హేటర్ ఇంకు చిక్కదనం మీద పనిచేశారు. నూనె ఎక్కువున్న పల్చటి ఇంకు, చిక్కటి ఇంకు ఒకదానిపై ఒకటి పడినా కలిసిపోవు. ప్లేటును వేర్వేరు లోతుల్లో చెక్కితే గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది, మెత్తటిది లోపలికి దిగుతుంది. ఒక్కసారి ప్రెస్‌లో పెడితే అన్ని రంగులూ వచ్చేస్తాయి. ఇదే విస్కాసిటీ ప్రింటింగ్.

లోతులు చెక్కే చెయ్యి శిల్పం నేర్పిందే. 1968 పారిస్ ఉద్యమ కాలంలో 'డెమాన్‌స్ట్రేటర్స్' ప్రింట్ చేశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2018లో అక్కడే కన్నుమూశారు.

బ్రాంచ్ మారితే చదివింది వేస్ట్ అనుకుంటున్నారా? ఆయన ప్లేటు ఒక్కసారి చూడండి.