నానో నేగిల్

పదునెనిమిదవ శతాబ్దమున ఐర్లండు ప్రజలలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. అధికారము మాత్రము ప్రొటెస్టంటు ప్రభువులది. 1695వ సంవత్సరపు శాసనముచే కాథలిక్కులు బడి నడపుటయు, పిల్లలను చదువునకై విదేశములకు పంపుటయు నేరములయ్యెను. నానో నేగిల్ 1718లో కార్క్ మండలమందలి బాలిగ్రిఫిన్ గ్రామమున భూస్వామి కుటుంబమున జన్మించెను. కలవారికి శాసనమును తప్పించుకొను దారులుండును. ఆమె ఫ్రాన్సులో చదువుకొనెను. పేదలకు అట్టి దారి యెక్కడిది?

1746లో తండ్రి మరణింపగా ఆమె స్వదేశమునకు వచ్చి, తల్లితోను సోదరి ఆన్‌తోను డబ్లినులో నివసించెను. ఒకనాడు తన పట్టుబట్టకై వెదుకగా, సోదరి దానినమ్మి ఆ సొమ్ము పేదలకిచ్చినట్లు తెలిసెనని చెప్పుదురు. కొలదికాలమునకే తల్లియు సోదరియు గతించిరి. స్వగ్రామమందలి రైతుబిడ్డల అజ్ఞానము చూచి, తనవలన ఏమగునని నిరాశపడి, ప్రార్థనకే జీవితమర్పింప నిశ్చయించుకొని ఆమె మరల ఫ్రాన్సు చేరెను. అచటను ఆ పిల్లల తలంపు ఆమెను విడువలేదు. గురువు ఆమెను తిరిగి పొమ్మని ఆదేశించెను.

1750 ప్రాంతముల కార్క్ నగరమున, ఇంటివారికైనను చెప్పక, ఆమె ముప్పదిమంది బాలికలతో బడి తెరచెను. తన బిడ్డను చేర్చుకొనుమని ఒక పేదవాడు ఆమె సోదరునే వచ్చి వేడుకొనుటచే గుట్టు బయటపడెను! కుటుంబమునకు ముప్పు వచ్చునని సోదరుడు మొదట మండిపడెను గాని పిమ్మట తానే తోడ్పడెను. తొమ్మిది నెలలలో పిల్లలు రెండువందలైరి. తరువాత బడులు ఏడైనవి. పినతండ్రి యొసగిన ఆస్తియంతయు వానికే వ్యయమై, తుదకు ఆమె బిచ్చమెత్తవలసివచ్చెను. పగలు బడులు, రాత్రి చేత లాంతరుతో రోగుల గుడిసెలు: ఇదియే ఆమె దినచర్య.

తన తరువాత ఈ పని నిలుచుటకై 1771లో ఉర్సులైన్ సన్యాసినులను ఆమె రప్పించెను. కాని ప్రాకారము దాటరాదను వారి నియమము గుడిసెలకు పోనీయదు. అందుచే 1775లో, వయసు మీరిన పిదప, వెలుపలికి పోయి సేవచేయు నూతన సంఘమును స్థాపించెను. 1777 క్రిస్మసునాడు యాబదిమంది బిచ్చగాండ్రకు భోజనము పెట్టి తానే వడ్డించెను. 1784 ఏప్రిల్ 26న కన్నుమూసెను.

1805లో రోము అనుమతితో ఆ సంఘమును ప్రాకారనియమమునకు లోబడెను. నాటి నుండి బిడ్డలే సన్యాసినుల వాకిటికి రావలసియుండెను. ఆ నియమముతోనే వారు 1842లో సముద్రము దాటి మద్రాసు చేరి, అచట బడి తెరచిరి.